సోలెడు గుళ్ళు ఎన్ని గ్రాములు?

భావనపాడు దాపున మా ఊరి అంగన్‌వాడీలో సోలను రద్దు చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇకమీదట వేరుశనగ గుళ్ళను గ్రాముల్లోనే వాడాలని ఉత్తర్వు వచ్చింది. దాంతోపాటు కాటా కూడా వచ్చింది. శాస్త్రం మా ఊరిదాకా రావడం ఇదే మొదలు కాబట్టి కాటాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం.

అంతకుముందు ఇరవై ఏళ్ళుగా వంటమనిషి తాతమ్మ పిల్లల పప్పుండలకు గుళ్ళను ఇత్తడి సోలతో కొలిచేది. అదీ తలకొట్టి కాదు, గోపురంలా పోసి. పసిపిల్లలకు కొలిచేటప్పుడు సోల తలకొడితే వాళ్ళు ఎదగరని మా వైపు పట్టింపు. ఇలాంటి అజ్ఞానంతోనే మా పిల్లలు ఇన్నాళ్ళూ ఎదుగుతూ వచ్చారు.

చిక్కల్లా పాత లెక్క సోలల్లో, కొత్త ఉత్తర్వు గ్రాముల్లో ఉండడం. సోలెడు గుళ్ళు ఎన్ని గ్రాములో తేలేదాకా పప్పుండలు కట్టరాదని అధికారి గణపతిరావుగారు సెలవిచ్చి, తేల్చడానికి ఒక సంఘం వేశారు. అధ్యక్షులు వారే. సభ్యులు పడవల యజమాని జోగయ్య, బడిపంతులు వేంకటాచలంగారు, ఊరి పెద్దల తరఫున నేను.

మొదటిరోజు సోలెడు గుళ్ళు రెండొందల ఇరవై గ్రాములు తూగాయి. పచ్చివో వేగినవో తెలియాలని పంతులుగారు నాలుగు నోట్లో వేసుకున్నారు. పుచ్చులున్నాయేమోనని జోగయ్య గుప్పెడు చూశాడు. అధ్యక్షులవారు పొట్టుతో ఒకసారి, పొట్టు తీసి ఒకసారి పరిశీలించారు. నేనూ నా బాధ్యత మరవలేదు. మళ్ళీ తూస్తే నూట నలభై. సముద్రపు గాలికి గుళ్ళు బరువు తగ్గుతాయని సంఘం కనిపెట్టింది. దాన్ని ఖాయపరచడానికి బస్తాలోంచి రోజుకో సోల తీయించాం.

"సముద్రపు గాలికి ఉప్పు సెమ్మగిల్లుతాది గానీ, గుళ్ళు తరగడం నానెక్కడా సూడనేదు బాబూ. తవరి నోళ్ళెందుకు ఆడతన్నాయి?" అంది తాతమ్మ. విషయంతో సంబంధం లేని ప్రశ్న అని రాసుకున్నాం.

జాలరి నూకయ్య మనవరాలు దుర్గకు నాలుగేళ్ళు. రోజూ మూడింటికి వచ్చి చెయ్యి చాపేది.

"మామ్మా, ఉండ నేదేటి?"

"నేదమ్మా. సంగం ఇంకా తూస్తన్నాది."

గణపతిరావుగారు ఆ పిల్లను చూపించి ఉపన్యసించారు: "తాతలు కొలిచారు, మనం తూస్తున్నాం! కొలత నుంచి బరువుకు చేరడమే నాగరికత. ఆ మహాయాత్రలో ఓపిక పట్టడం బాలల వంతు త్యాగం!" మేం చప్పట్లు కొట్టాం. దుర్గ కూడా కొట్టింది పాపం.

రెండు నెలలకు బస్తా అడుగంటింది. ఆఖరి సోల పరీక్షకు తీసిన రోజునే పిల్లలను తూచారు. పదమూడు కిలోల దుర్గ పన్నెండుకు దిగింది. తాతమ్మ ఆ పిల్లను తెచ్చి మా ముందు నిలబెట్టింది.

"దీన్ని ఏ గాలి తినేసినాదో అదీ రాయండి బాబూ."

సంఘం ఆ సూచనను గౌరవించింది. గుళ్ళలాగే పిల్లలూ సముద్రపు గాలికి తగ్గుతున్నారనీ, బరువు నమ్మదగ్గది కాదు గనుక ఇకమీదట పిల్లలను ఎత్తుతో మాత్రమే కొలవాలనీ తీర్మానం రాసింది. అభ్యంతరం ఉన్నవారు చెప్పవచ్చన్నారు గణపతిరావుగారు.

దుర్గ నావైపే చూస్తోంది, చెయ్యి చాపుకొని. నాకు సిగ్గేసింది. చెబుదామనే అనుకున్నాను. కాని నోటినిండా గుళ్ళున్నాయి. తలూపాను.