ఎర్రసిరా రాతలు

జీవరాజు తనకు ఇంగ్లీషు రాదని ఆ రోజు ఒక్క మాట ఒప్పుకొని ఉంటే జకర్యా బతుకు ఇంకోలా ఉండేది. జీవరాజు పరాయివాడు కాదు, జకర్యాకు సొంత బామ్మర్ది. రైల్వే గూడ్సు షెడ్డులో మూటల లెక్క రాసే ఉద్యోగం. ఆ ఉద్యోగానికి అంకెలు వస్తే చాలు. కానీ మెట్టుగూడ క్వార్టర్ల వరసలో ఇస్త్రీ ప్యాంటు వేసుకొని, చంకలో ఇంగ్లీషు పేపరు పెట్టుకొని తిరిగేది అతనొక్కడే కావడంతో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా అతని దగ్గరికే వెళ్లేది. అతను దాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకొని, కళ్లు చిన్నవి చేసి, పెదవులు కాసేపు ఆడించి, "అంతా మంచిగనే రాసిండ్రు" అనేవాడు. చాలా కాగితాల్లో నిజంగానే మంచి ఉండడం వల్ల అతని చదువుకు చాలా ఏళ్లు ఢోకా రాలేదు.

అది నిజాం పాలన ముగిసిన పోలీస్ యాక్షన్ తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం. తెల్లదొరలు వెళ్లిపోయినా సికింద్రాబాద్ ఇంకా సికింద్రాబాద్‌లాగే ఉండేది. పొద్దున్నే భిస్తీలు తోలుసంచులతో నీళ్లు చల్లితే జేమ్స్ స్ట్రీట్ అంతా మట్టివాసన. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్లో పోసుకొని ఊదుతూ కూర్చుంటే ఎవరూ లెమ్మనేవారు కారు. టాంగా గుర్రాల మెడ గంటలు సందు మలుపు అవతల నుంచే వినబడేవి. కార్లు ఎంత తక్కువంటే, హారన్ వినే పోతున్నది ఎవరి బండో జనం చెప్పగలిగేవారు. ఆ రోజుల్లో డ్రైవరంటే పెళ్లిలో ముందు వరస కుర్చీ. ఇప్పుడెవరు వేస్తారు?

కంటోన్మెంటు చుట్టూ బతికిన వాళ్లందరికీ అప్పట్లో చిట్టీయే ఆస్తి. వంటవాడు గానీ, మాలి గానీ, ఆయా గానీ దొర ఊరు విడిచిపోతూ రాసిచ్చిన మంచిమాటల చిట్టీని ట్రంకుపెట్టె అడుగున బైబిలు పక్కన దాచుకునేవాళ్లు. అందులో ఏముందో చదివేవాళ్లు లేరు. రంగు చూసి విలువ కట్టేవాళ్లు. నల్లసిరా అయితే గుమస్తా రాసింది. ఎర్రసిరా అయితే పెద్ద అధికారి స్వహస్తాలతో రాసింది. ఇందులో ఎవరికీ అనుమానం లేదు.

జకర్యా మిషన్ బడిలో మూడో తరగతితో చదువు మానేసినవాడు. అతని డ్రైవింగ్ లైసెన్సు చివరి పేజీల్లో, ముద్రలతో సహా, ఎర్రసిరా రాతలు మూడున్నాయి. అవి ఎలా వచ్చాయో అతనికి బాగా గుర్తు. అతను బండి నడిపే దొరకు క్లబ్బు నుంచి వచ్చేటప్పుడు స్టీరింగు తానే పట్టుకోవాలని సరదా. బండి గాలిలో తేలిపోయేది. దారిలో సార్జెంటు ఆపితే దొర దర్జాగా జకర్యాను చూపించి, "నడిపింది ఇతనే" అనేవాడు. జకర్యా నోరు మెదిపేవాడు కాదు. సార్జెంటు లైసెన్సు తీసుకుపోయేవాడు. కొన్నాళ్లకు అది ఎర్రసిరా రాతతో తిరిగి వచ్చేది. దొర భుజం తట్టి "గుడ్ మ్యాన్" అనేవాడు. తన నమ్మకానికి దొర చెప్పి రాయించిన బహుమానమే అదని జకర్యా అనుకున్నాడు. జీవరాజు కూడా చదివి, "నీ గురించి బొచ్చెడు మంచిగ రాసిండ్రు బావా" అన్నాడు.

దొర ఓడెక్కి వెళ్లిపోయాక జకర్యాకు పని లేదు. అలాంటప్పుడు దొరికింది శారదమ్మ కబురు. ఆమె భర్త మిలిటరీ పల్టన్ గుర్రాలకు గడ్డి సప్లై చేసి, నేరేడ్‌మెట్‌లో భూములు కొని, ఒక ఆస్టిన్ కారు కొని, దాంట్లో సరిగా తిరగకముందే పోయాడు. డ్రైవర్లు నిలవడం లేదని ఆమె ఒక ఆశ పెట్టింది: నమ్మకంగా ఉండేవాడికి బంగళా వెనక ఇంటి స్థలం, రిజిస్ట్రీ చేసి మరీ. క్వార్టరు జీవరాజుది, బావమరిది నీడన ఏడాదిగా పడుకుంటున్న జకర్యాకు ఆ స్థలం తప్ప ఇంకేదీ కళ్లకు ఆనడం లేదు.

ఆదివారం చర్చి విడిచాక బావా బామ్మర్దులిద్దరూ వెళ్లి లైసెన్సు చూపించారు. జీవరాజు చదివి అర్థం చెప్పాడు. శారదమ్మ ఎర్రసిరాను వేలితో తడిమి చూసింది.

"రాతలైతే గట్టిగనే ఉన్నయి జకర్యా. కానీ అన్నీ పోయిన దొరలయే. ఇప్పుడు సర్కార్ మారె. కొత్త సర్కారోళ్లది ఒక్క ఎర్రసిరా రాత పట్టుకరా. పట్టా నీ పేరున రాపిస్త. ఇగో కారు తీస్కపో, నడిపి చూడు, రేపు పదింటికల్లా తోల్కరా."

సోమవారం పొద్దున జకర్యా భార్య ఎలీసబెతు అతని చొక్కాకు గంజిపెట్టి ఇస్త్రీ చేసింది. జీవరాజు షెడ్డుకు సెలవు పెట్టాడు. ప్రార్థన చేసుకొని ఇద్దరూ ఆస్టిన్‌లో గడియారం స్తంభం దగ్గరికి వచ్చారు. అక్కడ చౌరస్తా నడుమ దిమ్మె మీద, పెద్ద గొడుగు కింద, ట్రాఫిక్ జవాను నిలబడి ఉన్నాడు.

జకర్యా కారు ఆపి లైసెన్సు చాచి వినయంగా అన్నాడు. "సలాం సాబ్. జెర దీంట్ల ఎర్రసిరాతోని ఒక రాత రాపియ్యాలె."

జవాను ఆ పుస్తకాన్ని, తర్వాత జకర్యాను చూశాడు. "దిమాగ్ ఖరాబైందా మియా? ఊకనే ఎవరు రాస్తరు? బండి తియ్. ఎనక టాంగాలు ఆగినయ్!"

కొంచెం ముందుకు పోయి ఆపాక జీవరాజు తల పంకించాడు. "ఆయన చెప్పింది నిజమే బావా. ఊకనే ఎట్ల రాస్తరు? నీ పనితనం చూడాలె గద!"

"పొద్దుగాల సంది నడుపుతనే ఉన్న గదరా."

"నువ్వు నడిపేది శవం ముంగట నడిచినట్టుంటది. గట్ల నడిపితే ఎవడు రాస్తడు? దొర ఉన్నప్పుడు ఎట్లుండె? యాద్ చేస్కో."

జకర్యా యాది చేసుకున్నాడు. నిజమే. మూడు రాతలూ బండి గాలిలో తేలిన రోజుల్లోనే వచ్చాయి. తాను మెల్లగా నడిపినన్నాళ్లూ ఏ అధికారీ ఒక్క అక్షరం రాయలేదు. అధికారులకు వేగమంటే ఇష్టమన్న సంగతి ఇన్నేళ్లూ తట్టనందుకు తన మొద్దుబుర్రను తిట్టుకొని గేరు మార్చాడు.

ఆస్టిన్ ఒక్క ఊపున వచ్చి జవాను చుట్టూ తిరిగింది. జవాను ఈల ఊదాడు. "చూసిండు బావా, ఇంకోటి కొట్టు!" అన్నాడు జీవరాజు. రెండో చుట్టులో జవాను కూడా దిమ్మె మీద గుండ్రంగా తిరుగుతూ ఈల ఊదుతున్నాడు. టాంగా గుర్రం ఒకటి బెదిరి, పళ్లబండిని తోసుకుంటూ పోయింది. మామిడికాయలు రోడ్డంతా దొర్లాయి. వాటి మీద కాలేసి మిషన్ బడి పంతులమ్మ మేబెల్ జారి కూర్చుంది. ఆమెను తప్పించబోయి జకర్యా దిమ్మెకు దగ్గరగా స్టీరింగు తిప్పాడు; గొడుగు కమ్మీ కారు తలుపు పిడికి తగులుకుంది. మూడో చుట్టు గొడుగుతో సహా పూర్తయింది.

సరిగ్గా అప్పుడే తిరుమలగిరి వైపు పోతున్న మిలిటరీ లారీలు వచ్చాయి. ముందుది బ్రేకు వేసింది; దాని వెనక ఉన్నవన్నీ వేశాయి. మొదటి లారీలోంచి ఒక మేజరు దిగాడు.

"బావా, మిల్ట్రీ సుత చూడ దిగింది! నీ నసీబ్ పండింది పో!"

జకర్యా కారు ఆపి, దిగి, మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు. వెనక నుంచి జవాను వచ్చి అతని గంజి కాలరు పట్టుకున్నాడు. "ఎర్రసిరా గావాల్నా నీకు? పా, సీసా సీసానే పోపిస్త!"

ఠాణాలో నిజాం నాటి పోలీసు అమీన్ లేడు. బెజవాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. లైసెన్సు చివరి పేజీలు తిప్పుతూ ఉంటే అతని కనుబొమలు పైకి పోయాయి.

"ఏవయ్యా, ఇవేమిటో నీకు తెలుసా?"

"నా మంచితనం సార్," అన్నాడు జకర్యా.

జీవరాజు గోడకున్న పటం చూడసాగాడు.

"మంచితనమా! మొదటిది అతివేగం. రెండోది అడ్డదిడ్డంగా నడపడం. మూడోది తాగి నడపడం. తప్పు చేసినప్పుడల్లా ఒక మరక వేస్తారయ్యా. మరకలు పోగుపడితే, వీడి చేతిలో బండి పెట్టకూడదని లైసెన్సు లాగేస్తారు. ఇవాళ్టితో నాలుగు. నీ పని అయిపోయింది."

జకర్యా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ పేజీల మీద వేలు పెట్టాడు. "సార్, నేను పుట్టి బుద్ధెరిగి సారా ముట్టలే. పాస్టర్‌ని అడుగుండ్రి. ఆ రోజులల్ల స్టీరింగ్ దొర చేతిల ఉండె. ఇవన్నీ ఆయన రాతలు సార్. నా బుక్కుల వడ్డయి."

ఇన్‌స్పెక్టరు పేజీలు మళ్లీ తిప్పాడు. బయట, వెంట వచ్చిన మేజరు మళ్లీ లారీ ఎక్కుతూ ఎవరితోనో చెప్పి పగలబడి నవ్వడం వినిపించింది. ఫిర్యాదు ఇచ్చే ఉద్దేశం ఉన్నట్టు లేదు. పంతులమ్మ కూడా దెబ్బ తగల్లేదని ఇంటికి వెళ్లిపోయింది.

"ఇదొక చిక్కు," అన్నాడు చివరికి ఇన్‌స్పెక్టరు. "దొరల కాలపు ఈ పుస్తకాలు ఇక చెల్లవని మొన్ననే ఉత్తర్వు వచ్చింది. చెల్లని దాంట్లో నీ తప్పు ఎలా రాయను? కొత్తది నీకింకా ఇవ్వలేదు. మరి దేంట్లో రాయను?" పుస్తకాన్ని సొరుగులో పడేశాడు. "మామిడికాయలవాడికి డబ్బు కట్టు. గొడుగు బాగుచేయించు. వారం తర్వాత వచ్చి నా ఎదుట బండి నడుపు. మెల్లగా! కొత్త లైసెన్సు తెల్లగా ఇస్తారు. దొర మరకలు దొరతోనే పోయాయనుకో."

జకర్యా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ మోస్తున్నానని తెలియని బరువు, తెలిసిన గంటలోనే దిగిపోయింది. కారు అప్పజెప్పి, శారదమ్మను వారం గడువు అడిగాడు. ఇన్‌స్పెక్టరు ముందు పూలబుట్ట మోసినంత జాగ్రత్తగా బండి నడిపాడు. కొత్త లైసెన్సు చేతికొచ్చింది. తెల్లని పేజీలు, వాసన చూస్తే బడి మొదటి రోజు పుస్తకంలా ఉంది. అదే రోజు జీవరాజును వెంటబెట్టుకొని నేరేడ్‌మెట్ వెళ్లాడు.

శారదమ్మ పేజీలన్నీ తిప్పింది. మళ్లీ మొదటి నుంచి తిప్పింది.

"ఇదేంది? ఒక్క రాత సుత లేదు!"

"గదే గద అమ్మా! ఎర్రసిరా అంటే తప్పు అన్నట్టు. తప్పులు చేసినోనికే రాస్తరట. నాది ఇప్పుడు సాఫ్!"

"మొన్న మంచివని నువ్వే తెస్తివి. ఇయ్యాల లేకపోయేసరికి చెడ్డవంటున్నవ్." శారదమ్మ పుస్తకం మూసింది. "మా ఆయన ముప్పై ఏండ్లు దొరలతోని యాపారం చేసిండు. ఎర్రసిరా అంటే ఏందో నాకు నువ్వు చెప్తవా? ఏం జీవరాజూ, చదువుకున్నోనివి, నువ్వు చెప్పు. మొన్న చదివింది మంచా, చెడ్డా?"

జకర్యా బామ్మర్ది వైపు చూశాడు. ఒక్క మాట. నాకు ఇంగ్లీషు రాదమ్మా అంటే చాలు. జీవరాజు ఇస్త్రీ ప్యాంటు మడత సవరించుకున్నాడు, చంకలోని పేపరు ఆ చంక నుంచి ఈ చంకకు మార్చాడు.

"నేను చదివిన కాడికి మంచిగనే ఉండె అమ్మా," అన్నాడు.

మరునాడే శారదమ్మ జంగయ్య అనే లారీ డ్రైవరును పెట్టుకుంది. ఇంకా మార్చుకోని అతని పాత లైసెన్సులో ఎర్రసిరా లేని పేజీ లేదట. చివరికి అట్ట మీద కూడా రాశారట. ఇంట్లో ఎలీసబెతు అన్నం వడ్డిస్తూ, "నా తమ్ముడు చదివినన్ని దినాలు అన్నీ మంచిగనే ఉండె. నువ్వు పోయి ఆ ఇన్‌స్పెక్టర్‌తోని చదివిపిస్తివి, అన్నీ తప్పులాయె" అంది. 

తర్వాత ముప్పై ఏళ్లు అతను ఊళ్లో ఎన్నో బండ్లు నడిపాడు. ఒక్క మరక పడలేదు, ఒక్కరూ లైసెన్సు అడిగి చూడలేదు. జంగయ్య ఆస్టిన్‌ను మొదటి నెలలోనే బంగళా ప్రహరీకి గుద్దాడు. గోడ కూలిన వైపు నుంచి, శారదమ్మ జంగయ్యకు రాసిచ్చిన స్థలానికి చక్కని దారి ఏర్పడింది: రెండు వందల నలభై గజాలు, తూర్పు ముఖం, మంచినీళ్ల బావితో సహా.