ఎడమ వంపు వంశం

"ఊపిరి ఆడుతోందా?" అని అడిగింది భార్య, చొక్కా కాలరు లోపలికి అట్టముక్క దూరుస్తూ.

"ఊపిరి ఆడుతోంది. తలే ఆడటం లేదు," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"ఆడకూడదనే కదండీ ఈ తంటా అంతా. ఈ ఒక్క పూటా మెడ నిటారుగా పెట్టుకుని కూర్చోండి. సాయంత్రం మీ ఇష్టమొచ్చిన వైపు వాల్చుకోండి."

వీధికి అవతల కళ్ళజోళ్ళ షాపు, ఇవతల ఇల్లు. రెండూ తాతగారు సంపాదించినవే. వాటితోపాటు ఆయన దగ్గర్నుంచి సంక్రమించిన మూడో ఆస్తి మెడ వంపు. తాతగారి తల ఎడమ భుజం మీదికి కాస్త ఒరిగి ఉండేది. ఆయన కొడుకుదీ అంతే, మనవడైన మన కళ్ళజోళ్ళాయనదీ అంతే, మునిమనవరాలిదీ అంతే. చూసేవాళ్ళకి అదొక లోపంగా తోస్తే తోచవచ్చు గానీ కళ్ళజోళ్ళాయనకి మాత్రం అది బిరుదు. "రక్తంలో ఉందండీ, ఎక్కడికి పోతుంది?" అని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చూపు తగ్గి వచ్చిన పాపానికి వాళ్ళు గోడమీది అక్షరాలు చదవబోయే ముందు ఈ వంశ చరిత్ర అంతా వినవలసి వచ్చేది.

అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున్న అట్టముక్కకి మెడ అప్పగించాడంటే, అది కూతురి కోసం. ఆ పిల్ల, ఒక కుర్రాడు, పెళ్ళి చేసుకుందామని తమలో తాము ఎప్పుడో అనేసుకున్నారు. కుర్రాడికి తండ్రి లేడు. తల్లి ఊఁ అంటే పెళ్ళి, ఉహూఁ అంటే లేదు. ఆ పూట పిల్లని చూడటానికి వస్తున్న ఆ తల్లి మెడనొప్పులకీ నడుంనొప్పులకీ వ్యాయామాలు చేయించి నయంచేసే వైద్యురాలు. ఒకసారి బస్సులో తన పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని వాడి మెడ సరిచేసి దింపిందని కుర్రాడే చెప్పాడు.

"నాన్నా, ఒక్కటే అడుగుతున్నా," అంది కూతురు, గోడమీది పటాలు దింపుతూ. "ఆవిడ ముందు వంశం అన్నమాట ఎత్తొద్దు. ఎత్తావంటే నాకు పెళ్ళి లేనట్టే."

కళ్ళజోళ్ళాయన తాతగారి పటం, తండ్రి పటం, పైనున్న ముత్తాత పటం తనే తీసుకెళ్ళి మంచం కింద పెట్టాడు.

వచ్చినవాళ్ళు ముగ్గురు: తల్లి, కుర్రాడు, కుర్రాడి మేనమామ. హాల్లో ఉన్న తాతగారి నాటి పెద్ద సోఫాలో వాళ్ళని కూర్చోబెట్టారు. హాలంటే పూర్వం రెండు గదులు. తాతగారు మధ్య గోడ కొట్టించినప్పుడు కప్పు నిలవడానికి ఒక లావుపాటి స్తంభం మిగిలిపోయింది. ఇంట్లోవాళ్ళు దాన్ని గోడ గడియారాన్ని చూసినట్టే చూసేవారు, అంటే చూసేవారు కాదు. సోఫా దానికి ఇవతల ఉంది. అవతల వీధి తలుపు, దాని పక్కన టీవీ.

కళ్ళజోళ్ళాయన గోడవారగా కుర్చీలో, గొడుగు మింగినవాడిలా కూర్చున్నాడు. కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నారు. అంతా సవ్యంగా జరిగిపోతోందని ఆయన భార్య లోలోపల మురిసిపోతుండగా మేనమామ గోడకేసి చూశాడు. సున్నం వెలిసిన గోడమీద మూడు చోట్ల మాత్రం నలుచదరంగా కొత్త రంగు మెరుస్తోంది.

"ఇక్కడేవో పటాలు ఉండాలే?" అన్నాడు.

"పెద్దవాళ్ళవండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"తీసేశారే?"

"దుమ్ము... దుమ్ము పట్టిందని."

అబద్ధం ఆడిన కంగారులో గుటక వేశాడు. కాలరు కిర్రుమంది. వైద్యురాలి కళ్ళు అక్కడ వాలాయి. ఆవిడ లేచి వచ్చి, పలకరింపూ అనుమతీ ఏమీ లేకుండా ఆయన మెడమీద చెయ్యి వేసింది.

"ఏం అన్నయ్యగారూ, మెడ పట్టేసిందా? ఇంత గట్టిగా ఉందేమిటి?" అంటూనే వేలు లోపలికి పోనిచ్చి అట్టముక్క బయటికి లాగింది. దానిమీద చొక్కాల కంపెనీ బొమ్మ చిరునవ్వు నవ్వుతోంది. ఆధారం పోయిన తల మెల్లగా, హాయిగా ఎడమ భుజం మీదికి వచ్చి చేరుకుంది.

"ఇది ఎన్నాళ్ళుగా?" అంది ఆవిడ.

వంటింటి గుమ్మంలోంచి కూతురు కళ్ళతోనే బతిమాలింది. కళ్ళజోళ్ళాయన నాలుకని పళ్ళ మధ్య నొక్కిపట్టాడు, పిడికిళ్ళు బిగించాడు, పైకప్పు చూశాడు. కానీ పొద్దుటినుంచీ అదిమిపెట్టిన వంశం ఇక ఆగలేదు.

"ఎన్నాళ్ళేమిటమ్మా, తరాలుగా," అని మంచం కిందనుంచి పటాలు తెచ్చి వరసగా నిలబెట్టాడు. "మా తాతగారు చూడండి. మా నాన్నగారు చూడండి. ఒకటే కోణం. ఈయన ముత్తాతగారు, ఈయనొక్కడే నిటారుగా ఉన్నాడు. ఫోటో తీసేవాడు తల పట్టుకుని సరిచేసి ఉంటాడు. లేకపోతే రక్తం ఎక్కడికి పోతుంది?"

వైద్యురాలి మొహం పాలిపోయింది. సోఫాలోకి తిరిగి వెళ్ళి కూర్చుని, వంటింటి గుమ్మంలో ఉన్న పిల్ల వైపు చూసింది. పిల్ల తలా ఎడమకే ఉంది.

"అయితే రేపు పుట్టబోయే పిల్లలకీ..." అంది మెల్లగా.

"అందులో అనుమానమే లేదు," అన్నాడు కళ్ళజోళ్ళాయన ధీమాగా.

ఇక లాభం లేదని భార్య రంగంలోకి దిగింది. "ఆయన మాటలకేం గాని వదినగారూ, రక్తమూ లేదు, పాడూ లేదు. నన్ను చూడండి. నేను బయటినుంచి వచ్చినదాన్ని. నా తలా ఇలాగే ఉంటుంది."

నిజమే, అలాగే ఉంది. మేనమామ ఆ భార్యాభర్తలిద్దర్నీ మార్చి మార్చి చూసి, చెల్లెలి చెవిలో చెప్పాననుకుంటూ అందరికీ వినబడేలా అన్నాడు: "దగ్గర చుట్టాలు పెళ్ళి చేసుకున్నట్టున్నారు. అందుకే ముదిరింది."

"మాకూ వాళ్ళకీ ఏ చుట్టరికమూ లేదండీ," అంది భార్య.

"తెలిసి ఉండకపోవచ్చు," అన్నాడు మేనమామ జాలిగా.

సరిగ్గా ఆ సమయానికి మేడమీదాయన దిగాడు. మేడమీద అద్దెకుంటున్న ఒంటరి మనిషి. ఆయన టీవీ ఎప్పుడో చెడిపోయింది, బాగుచేయించే ఉద్దేశం ఆయనకి లేదు. మ్యాచ్ ఉన్న రోజున ఆయన్ని ఎవరూ పిలవరు, ఎవరూ ఆపరు. "జరగండి బాబూ" అని కుర్రాణ్ణి పక్కకి జరిపి సోఫాలో తన మూల తాను కూర్చుని, టీవీ పెట్టి, తల ఎడమకి వాల్చాడు.

కళ్ళజోళ్ళాయన భార్యకి ప్రాణం లేచివచ్చింది. "ఇదిగో, ఈయన్ని చూడండి. ఈయన మాకు ఏమీ కాడు. అయినా ఆ తల చూడండి."

మేనమామ చూశాడు. ముందు మేడమీదాయన్ని చూశాడు. తర్వాత కళ్ళజోళ్ళాయన తండ్రి పటాన్ని చూశాడు. ఇద్దరికీ బట్టతల. ఇద్దరికీ ఒకటే వంపు. గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మగారిది ఏ ఊరండీ?" అని అడిగాడు మేడమీదాయన్ని.

కళ్ళజోళ్ళాయన భార్య మెల్లగా భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఈయన్ని మేడమీద పెట్టింది మామగారే కదూ?"

"అయితే?"

"ఈయనకి ఎప్పుడూ అద్దె పెంచొద్దని కూడా ఆయనే చెప్పారు కదూ?"

మేడమీదాయన టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే, "అంటే నాకు అన్నయ్య ఉన్నాడన్నమాట," అన్నాడు. ఒంటరి మనిషి, పాపం, ఆ మాట సంతోషంగానే అన్నాడు.

కళ్ళజోళ్ళాయన ఇరుకున పడ్డాడు. వంపు రక్తంలోదే అంటే తండ్రి పరువు పోతుంది, కూతురి పెళ్ళీ పోతుంది. కాదంటే వంశమే పోతుంది. తండ్రి పటం చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మంలో పిల్ల కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవడం కనబడింది.

"లేదండీ," అన్నాడు చివరికి. "ఇది రక్తంలోది కాదు. ఇన్నాళ్ళూ నేనే గొప్పలకి పోయి చెప్పాను. మా పిల్లకి ఏ జబ్బూ లేదు. నా వాగుడు చూసి దాన్ని కాదనకండి."

నమ్మినట్టు ఎవరూ కనబడలేదు. ఎవరి మొహం ఎవరు చూడాలో తెలియక అందరూ టీవీకేసి చూశారు. మ్యాచ్ చివరికొచ్చింది, గెలుపోటములు తేలేలా ఉంది. మేనమామ కొంచెం ముందుకి జరిగాడు. వైద్యురాలు కూడా, తనకేమీ పట్టనట్టే, చూస్తోంది.

కూతురు ముక్కు ఎగబీల్చుకుంటూ టీ కప్పుల పళ్ళెం పట్టుకుని వచ్చి, నడిమధ్యలో ఆగిపోయింది. కప్పులు గలగలలాడాయి. ఆ పిల్ల నవ్వుతోంది.

"ఆంటీ, దయచేసి కదలకండి. ఎవరూ కదలకండి. అలాగే ఉండి ఒక్కసారి పక్కకి చూసుకోండి."

వైద్యురాలు చూసుకుంది. మేనమామ తల ఎడమకి, కుర్రాడి తల ఎడమకి, మేడమీదాయన తల ఎడమకి ఉన్నాయి. వాటినన్నిటినీ చూడటానికి తన తలని ముందు ఎడమ భుజం మీదినుంచి ఎత్తుకోవలసి వచ్చింది.

ఆవిడ లేచి స్తంభం దగ్గరికి వెళ్ళింది. దాన్ని అరచేత్తో తట్టింది. మళ్ళీ సోఫాలో కూర్చుని నిటారుగా చూసింది. స్తంభం కనబడింది. తల వాల్చింది. టీవీ కనబడింది.

"టీవీ రాకముందు తాతగారు ఇక్కడ కూర్చుని ఏం చూసేవారు?" అని అడిగింది.

"వీధి తలుపులోంచి షాపు చూసుకునేవారు," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "పనివాళ్ళు కునుకు తీస్తున్నారేమోనని."

"ముత్తాతగారు ఈ ఇంట్లో ఉన్నారా?"

"లేదమ్మా. ఇల్లు కొనకముందే పోయారు."

ఆవిడ నిటారుగా ఉన్న ముత్తాత పటాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగాక పిల్లని దగ్గరికి పిలిచి కళ్ళజోడు తీసి అద్దాలు చూసింది, తండ్రి మొహం మీది అద్దాలనీ చూసింది. "అన్నయ్యగారూ, మీ రక్తం అంటే బొత్తిగా ఏమీ లేదనుకోకండి. ఈ చూపు మీదే. దూరం ఆనదు కాబట్టి అందరికంటే ఎక్కువ వంగి చూస్తుంది. మీరు చూపిచ్చారు, ఇల్లు వంపిచ్చింది. పెళ్ళికి నాకేం అభ్యంతరం లేదు. ఆ సోఫా సంగతి మాత్రం చూడండి."

మేనమామ తన టీ కప్పులోకి తలవంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. మేడమీదాయన ఒక్కడే కాస్త చిన్నబోయాడు. అది చూసి కళ్ళజోళ్ళాయన వెళ్ళి ఆయన భుజం తట్టి, "తమ్ముడూ, టీ తాగు," అన్నాడు.

స్తంభం తీస్తే కప్పు దిగుతుందని మేస్త్రీ చెప్పాడు. సోఫా జరిపితే వంటింటి దారి మూసుకుపోతోంది. ఆలోచించి ఆలోచించి టీవీని కుడి మూలకి మార్చారు. పెళ్ళయింది. అల్లుడు ప్రతి మ్యాచ్‌కీ వస్తున్నాడు, వియ్యపురాలు కూడా అప్పుడప్పుడూ వస్తోంది. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో అందరి తలలూ కుడి భుజం మీద స్థిరపడ్డాయి.

షాపుకొచ్చినవాళ్ళెవరైనా అదేమిటని అడిగితే కళ్ళజోళ్ళాయన వినయంగా చెబుతున్నాడు: "ఇది మా వైపుది కాదండీ, వియ్యాలవారి రక్తం."