అమరవీరుల హాజరు

యుద్ధంలో చనిపోయిన సైనికులను జిల్లా సంస్మరణ శాఖ ఏటా డిసెంబరు పదహారున, ఉదయం పది నుంచి పన్నెండు గంటల వరకు, సన్మానం నిమిత్తం వెనక్కి పిలిపిస్తుంది. పది కొట్టేసరికి వాళ్లు పోలీసు మైదానంలో షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉంటారు. చనిపోయిన నాటి వయసుతో, ఆనాటి బట్టలతో, ఆనాటి గాయాలతో వస్తారు కనుక కుర్చీలకు ముందుగానే తొడుగులు వేయిస్తారు. గాయం ఫొటోలో పడకుండా శాలువా ఏ భుజం మీదుగా కప్పాలో హాజరు పుస్తకంలో ప్రతి పేరుకూ ఎదురుగా రాసి ఉంటుంది. పన్నెండు కొట్టగానే కుర్చీలు ఖాళీ అవుతాయి. శాలువాలు మడతపెట్టి మళ్లీ బీరువాలో పెడతారు.

మొదటి ఏడాది కుటుంబాలను వాళ్ల పక్కనే కూర్చోనిచ్చారు. పన్నెండయ్యాక కొందరు పట్టు వదల్లేదు. ఒక తల్లి చేతిలో కొడుకు చొక్కా చెయ్యి ఒకటి మిగిలిపోయింది. దాన్ని తిరిగి ఎక్కడికి పంపాలో తెలియక శాఖ నాలుగేళ్లు ఉత్తరాలు రాసింది. అప్పటినుంచి కుర్చీలకు నలభై అడుగుల దూరంలో తాడు కట్టి, కుటుంబాలను దాని వెనక నిలబెడుతున్నారు.

మెట్ట దాలమ్మ ఆ తాడు వెనక ఇరవై ఏళ్లుగా నిలబడుతోంది. ఆమె భర్త సిపాయి తవిటినాయుడు డెబ్బై ఒకటి యుద్ధంలో, తూర్పు సరిహద్దులో, ఒక కాలువ గట్టున చనిపోయాడు. అప్పుడు అతనికి ఇరవై నాలుగు, ఆమెకు పంతొమ్మిది. ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. అతనికి ఇప్పటికీ ఇరవై నాలుగే. నలభై అడుగుల దూరం నుంచి అతని మెడ వెనక భాగం, ఎడమ చెవి ఆమెకు కనబడతాయి.

ఆమెకు అతన్ని ఒక మాట అడగాలని ఉంది. అందుకోసం మూడేళ్లు వరసగా అర్జీ పెట్టింది. అడగబోయే మాట ఏమిటో ముందుగా తెలియజేయాలని మొదటి రెండుసార్లు అర్జీ తిరిగొచ్చింది. మూడోసారి ఆమే స్వయంగా శాఖ సూపరింటెండెంటు శేషగిరి పట్నాయక్ ముందుకెళ్లి నిలబడింది.

"అది మొగుడూపెళ్లాల మాట బాబూ. కాయితం మీద ఎలాగ రాయిత్తాను?"

పట్నాయక్‌కి రిటైర్మెంటు దగ్గరపడింది. చెడ్డవాడు కాడు. చాలాసేపు ఫైలు తిరగేసి, పదకొండూ యాభై నుంచి పదకొండూ యాభై ఐదు వరకు, అయిదు నిమిషాలు, మంత్రిగారి ప్రసంగం ముగిసిన తరువాత, అని రాసి సంతకం పెట్టాడు.

ఆ ఏడాది డిసెంబరు పదహారున దాలమ్మ ఉతికిన ముతక చీర కట్టుకుని, మొదటి బస్సుకే వచ్చింది. పది గంటలకు జిల్లా అమరులు ఇరవై ముగ్గురూ హాజరయ్యారు. పట్నాయక్ పేర్లు పిలిచాడు. "హాజర్ సాబ్" అని ఇరవై ఇద్దరు పలికారు. దవడ లేనతను చెయ్యెత్తాడు. ఆ తరువాత అందరూ మంత్రిగారి కోసం ఎదురుచూశారు. ఎండ షామియానా అంచు దాటి వాళ్ల మోకాళ్ల మీదికొచ్చింది. వాళ్లలో ఎవరూ కదల్లేదు. ఎదురుచూడటం వాళ్లకు యుద్ధంలోనే అలవాటైంది.

మంత్రిగారు పదకొండూ ముప్పై అయిదుకి వచ్చారు. దండలకు అయిదు నిమిషాలు పట్టింది. ఆయన ముందు తన నియోజకవర్గంలోని వంతెన గురించి మాట్లాడారు. తరువాత అమరుల చరిత్ర చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరి పేరు, ఊరు, ఆపైన ఒక వాక్యం: "శత్రువుకు ఎదురొడ్డి, చిరునవ్వుతో ప్రాణాలర్పించారు." ఇరవై ముగ్గురికీ అదే వాక్యం. ఇంటికి తంతి వచ్చిననాడు పోస్టుమాస్టరు చదివి వినిపించింది కూడా అదే వాక్యమని దాలమ్మకు గుర్తుంది.

పదకొండూ యాభై అయింది. మంత్రిగారు పధ్నాలుగో పేరు దగ్గర ఉన్నారు. దాలమ్మ తన అనుమతి కాగితం చూపించింది. తాడు దగ్గరున్న కానిస్టేబులు చదివాడు.

"ప్రసంగం అయ్యాక అని రాసుంది మామ్మా. ప్రసంగం అవలేదు గదా."

"అయ్యేతలికి ఆడు ఎలిపోతాడు నాయనా."

"రూలు నేను రాయలేదు మామ్మా."

పదకొండూ యాభై ఏడుకి ఆమె వంగి తాడు కింద నుంచి దూరింది. నడుము నొప్పి మనిషి అంత చురుగ్గా దూరుతుందని కానిస్టేబులు అనుకోలేదు. వెళ్లి రెండో వరస చివరి కుర్చీ ముందు నిలబడింది. తవిటినాయుడు తలెత్తి చూశాడు.

"ఎవులు కావాల మామ్మా? ఎవుల్ని ఎతుకుతన్నావు?"

ఆమె ఇంకో అడుగు దగ్గరికి వేసింది. మనవడి వయసువాడు. పెళ్లినాడు కాటుక చుక్క పెట్టిన చెంప మీద ఇప్పుడు ఎండిన బురద ఉంది.

"నానే మావా. దాలిని."

అతను ఆమె ముఖంలో వెతికాడు. గొంతును బట్టే పోల్చుకున్నట్టున్నాడు. లేవబోయాడు గానీ ఒక్క కాలి మీద నిలవలేకపోయాడు.

"ఒలే... ఇంత ముసిలైపోనావేటే?"

"అది తరవాత సెప్పుకుందాం. పొద్దు నేదు. ఒక్క మాట సెప్పు మావా. పోయేముందు నీకు దప్పికేసిందా? ఎవులైనా గుక్కెడు నీల్లిచ్చినారా?"

యాభై ఏళ్లకు పైగా ఆమె మోసిన మాట అది.

తవిటినాయుడు మంత్రిగారి వైపు చూశాడు. తరువాత ఆమె వైపు చూశాడు. అతని కుర్చీ పక్కనే హాజరు పలకడానికి పెట్టిన మైకు ఒకటుంది. దాన్ని ఎవరూ ఆపలేదు.

"ఎవులూ రానేదే దాలీ. కాలు పోయి మూడ్రోజులు బురదలో పడున్నాను. అరిసినాను. మనోల్లు ఎనక్కి పోతన్నారు. నన్ను సూసినారు, పోనారు. ఆల్ల తప్పు గాదు, ఆల్లకీ అలాగే ఆర్డరు. ఆ కాలవలో నీల్లు అందనేదు. ఆకర్న నీ పేరెట్టి పిలిసినాను, మాయమ్మని పిలిసినాను. నవ్వనేదు."

ఆ మాటలు మైదానం నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలోంచి వినబడ్డాయి. మంత్రిగారు ఇరవయ్యో పేరు దగ్గర ఆగిపోయారు. ముందు వరసలో దవడ లేనతను తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు, తనూ నవ్వలేదన్నట్టు. అతని పక్కవాడు, "నాను కూడా నవ్వనేదు బాబూ" అన్నాడు. ఒకరి తరువాత ఒకరు, ఇరవై ముగ్గురూ మంత్రిగారి వైపు తిరుగుతున్నారు. తాడు వెనకనుంచి ఒక ఏడుపు లేచింది.

కలెక్టరు పరేడ్ అధికారి వైపు చూశాడు. పరేడ్ అధికారి గుండెల నిండా గాలి పీల్చి అరిచాడు.

"సావధాన్!"

ఇరవై ముగ్గురూ లేచి నిలబడ్డారు. కాళ్లున్నవాళ్లు, లేనివాళ్లు, కుర్చీలకు ఆనుకుని బిగుసుకుపోయారు. చూపులు నేరుగా ముందుకి, నోళ్లు మూసి. ఆ ఒక్క ఆజ్ఞ వాళ్లలో చచ్చిపోలేదు. దాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి ప్యాంటు కుట్టుకి అతుక్కుని ఉంది, వేళ్లు విడలేదు. అతని కళ్లలోంచి నీళ్లు మాత్రం కారుతున్నాయి. సావధాన్‌లో కన్నీళ్లకు నిషేధం లేదు. పన్నెండు కొట్టింది.

విచారణ ఏడు వారాలు జరిగింది. మృతుల వాంగ్మూలం ప్రభుత్వ రికార్డుతో సరిపోవడం లేదు. రికార్డు సరైనదే కనుక, మృతులు తమ మరణం విషయంలో పొరబడ్డారని కమిటీ తేల్చింది. మైదానంలో ఉన్న మిగతావాళ్లంతా తామేమీ వినలేదని రాసిచ్చారు. ఇక దాలమ్మ విన్నమాట మిగిలింది. తానేమీ వినలేదని రాసి ఉన్న కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నారు.

"ఇన్నాను బాబూ. ఇన్నదాన్ని ఇన్నేదని ఏల ఎయ్యాల?"

ఆమెను మెడికల్ బోర్డుకి పంపారు. చెవి డాక్టరు ఏదో యంత్రం పెట్టి చూసి, వయసు రీత్యా శ్రవణశక్తి లేదని ధ్రువపత్రం ఇచ్చాడు. దాన్ని పట్నాయక్ తలవంచుకుని ఆమెకు చదివి వినిపించాడు. అంతా విని ఆమె లేచింది.

"నాకు సెవుడని మీరే రాసినారు గదా. ఐతే ఇకనుంచి మీ మాట నాకు ఇనబడదు."

మరుసటి డిసెంబరులో ఆహ్వానపత్రం పట్టుకుని గ్రామ కార్యదర్శి ఇంటికి వెళితే, ఆమె గేదెకు కుడితి పెడుతూ అతని వైపైనా తిరగలేదు. అతను మూడుసార్లు గట్టిగా చదివి, గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మాత్రం పక్క ఊళ్ల నుంచి ముగ్గురు ముసలివాళ్లు ఆమె దగ్గరికి వచ్చారు. ముగ్గురూ తాడు వెనక నిలబడ్డవాళ్లే. "మావాడు ఏటన్నాడో నువ్వు దగ్గరగా ఇన్నావు గదా, సెప్పు తల్లీ" అని అడిగారు. ఆమె ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

శాఖ మృతులను పిలిపించడం మానుకుంది. కుర్చీల్లో ఇప్పుడు ఫొటోలు పెడుతున్నారు. ఫొటోకి గాయం ఉండదు, తొడుగు అక్కర్లేదు, కార్యక్రమం నలభై నిమిషాల్లో ముగుస్తుంది. అయితే పాత ఫొటోల్లో ఎవరూ నవ్వుతూ లేరని, చదివే వాక్యానికీ ఫొటోకీ పొంతన కుదరడం లేదని ఆడిట్‌లో ఒక అభ్యంతరం వచ్చింది. అందుచేత సైన్యంలో చేరేవాళ్లు ఇకపై ఛాతీ కొలత ఇచ్చిన వెంటనే, దండ పట్టే సైజులో, నవ్వుతూ ఒక ఫొటో దిగాలని నిబంధన పెట్టారు. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మొన్న జరిగిన భర్తీలో ఆ ఫొటో కోసం నిలబడ్డ వరస మైదానం గేటు దాకా ఉంది. ఒక తల్లి కొంగుతో కొడుకు మొహం తుడిచి, క్రాఫు సర్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"ఇంకొంచెం నవ్వు నాయనా," అంది. "సానా రోజులుండాల్సిన ఫొటో."