మడమ లేచిన ఆదివారం

2002లో ఒక ఆదివారం. పదకొండింటికి విరుదునగర్‌లో ఫాక్స్‌ట్రాట్ అనే పాశ్చాత్య జంట నాట్యంలో పరీక్ష. కోవిల్‌పట్టిలో తొమ్మిదింటి బస్సు పట్టుకోవాలి. లారీ బుకింగ్ ఆఫీసు గుమాస్తా దామోదరసామి బయల్దేరబోయే ముందు పెరట్లో అడుగులు వేయసాగాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో భార్య పాపమ్మాళ్ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే, జంటగా నాట్యం నేర్చుకుందామని. మొదటిసారి పరీక్ష తప్పారు. తప్పు అతని మడమలదే.

"ముందు ఒళ్ళు లేవాలి, తర్వాతే మడమ. గబుక్కున కాదు, పాలు పొంగినట్టు," అని మాస్టారు ఆనందరాజ్ చెప్పి చెప్పి అలసిపోయాడు. వెనక్కి నడిచే పాపమ్మాళ్‌కు ఆ బాధ లేదు. ఆమె మడమ లేపనే కూడదు.

పెరటి గోడ సరిగ్గా దామోదరసామి నుదురంత ఎత్తు. మడమలు లేచినప్పుడల్లా రెండు కళ్ళు మెల్లగా గోడపైకి వచ్చి, మెల్లగా దిగిపోతున్నాయి. అవతలి పెరట్లో తలకు పోసుకుంటున్న పక్కింటి పొన్నమ్మాళ్ మూడోసారికి కేక పెట్టింది.

ఆమె మొగుడు పాల్‌పాండి పరుగెత్తుకొచ్చాడు. "బావా, ఏమి సూస్తా ఉండావు?"

"సూడలేదయ్యా, లేస్తా ఉండాను. ఇదో, ఇట్ల!" అంటూ దామోదరసామి మళ్ళీ నిదానంగా లేచాడు.

పొన్నమ్మాళ్ చెంబు విసిరింది. చప్పుడుకు పాపమ్మాళ్ వచ్చి, "ఒదినా, ఆయన లేసేది నా కోసరం!" అంది. గుమిగూడిన వీధి గొల్లున నవ్వింది.

"డాన్సు అయితే ఆడి సూపించండి," అన్నాడు పాల్‌పాండి. నడివీధిలో దామోదరసామి, పాపమ్మాళ్ చేతులు పట్టుకుని ఆడారు. ఆట ముగిసేసరికి అనుమానం పోయింది, బస్సూ పోయింది. పాల్‌పాండి సిగ్గుపడి ఇద్దరినీ తన వ్యానులో ఎక్కించుకున్నాడు. పూర్తిగా నమ్మని పొన్నమ్మాళ్ తానూ ఎక్కింది.

పరీక్ష హాల్లో పాట మొదలైంది. పొద్దుటి గొడవలు దామోదరసామి కాళ్ళకు చుట్టుకున్నాయి. మడమలు నేలకు అతుక్కుపోయాయి. పాపమ్మాళ్ కళ్ళలో నీళ్ళు. మార్కులు వేయడానికి ఆనందరాజ్ పెన్ను మూత తీశాడు.

బెంచీ మీద పొన్నమ్మాళ్ ఇక ఉండబట్టలేక లేచి నిలబడింది.

"అన్నా! పొద్దున నన్ను సూసిన మాదిరి లేయన్నా!"

హాలంతా ఆమె వైపు తిరిగింది. పాల్‌పాండి తల దించుకున్నాడు. దామోదరసామి మాత్రం లేచాడు, ముందు ఒళ్ళు, తర్వాత మడమలు, ఎక్కడా తొందర లేకుండా. ఆనందరాజ్ చప్పట్లు కొట్టాడు.

మరుసటి వారం నుంచి పొన్నమ్మాళ్, పాల్‌పాండి కూడా తరగతిలో చేరారు. పెరట్లో మడమ ఎత్తేముందు, గోడ అవతల ఎవరైనా తలకు పోసుకుంటున్నారేమో చూసి రమ్మని పాల్‌పాండి ఇప్పటికీ పెళ్ళాన్ని అడుగుతాడు.