కొండవీట్లో ఖాళీ గడి

ఆ శనివారం పొద్దున వినయ్ కుమార్ వేసుకున్న పథకం చిన్నదే. తెనాలిలో రేపల్లె పాసింజరెక్కాలి, రేపల్లె బడిలో హెడ్‌మిస్ట్రెస్ హైమావతి గారికి ‘కొండవీడు’ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. కొండవీడంటే అట్ట మీద పాచికలేసి ఆడే చరిత్ర ఆట. బాపట్లలో శుభలేఖలు అచ్చేసే బర్నబాస్, చరిత్ర మీది ప్రేమకొద్దీ ఇలాంటి ఆటలు తయారుచేస్తాడు. కొనేవాళ్ళు లేరు. ఈ బడి కూడా వద్దంటే మానేస్తానని చెప్పేశాడు. ఆ ఆటలంటే ప్రాణం పెట్టే వినయ్‌కి ఆ మాట మింగుడుపడలేదు.

రైల్లో కూర్చోగానే ఫోన్ చేశాడు. "బర్నబాసన్నా, కొండవీడు గురించి గట్టిగా చెప్తాగా! కోట పక్క గడి దొరికినోడి పంట పండినట్టే."

ఎదురుగా ఉన్న రేపల్లె బియ్యం వ్యాపారి సుందరయ్య చెవులు రిక్కించాడు. పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. అందరూ కొన్నారు, తనే వెనకబడ్డానని ఆయన బెంగ.

"బాబూ, కొండవీట్లో గడులు ఇంకా ఖాళీ ఉన్నాయా?"

వినయ్ పొంగిపోయాడు. ఆట గురించి తనంతట తాను అడిగిన మొదటి మనిషి! "అన్నీ ఖాళీయేనండి. ముందొచ్చినోళ్ళదే."

"నీళ్ళో?"

"మూడు చెరువులండి. ఎండవు."

"తగాదాలేం లేవుగా?"

"ఎందుకు లేవండీ? రెడ్లకీ గజపతులకీ పెద్ద గొడవ. అదే దీంట్లో మజా!"

సుందరయ్య కంగారుపడ్డాడు. "పెద్దమనుషుల్ని పెట్టలేదా?"

"ఏనుగుల్ని పెట్టామండి."

ఇంత నిజం చెప్పే బ్రోకర్ని సుందరయ్య తన జన్మలో చూడలేదు. ఏనుగుల సంగతి అర్థం కాకపోయినా వెంటనే బావమరిది జగన్నాథరావుకి ఫోన్ చేశాడు.

రేపల్లెలో దిగేసరికి బావమరిది వ్యానుతో, వ్యాను నిండా చుట్టాలతో సిద్ధంగా ఉన్నాడు. "ఆఫీసెక్కడ బాబూ?"

"బాపట్లండి. కానీ నేను బడికి..."

"బడెక్కడికి పోద్దీ? ఎక్కండి!"

వినయ్‌ని మధ్యలో కూర్చోబెట్టారు. చరిత్ర మీద రేపల్లెకి ఇంత మోజు ఎప్పట్నుంచో అతనికి అంతుపట్టలేదు.

"మనిషికెన్ని తీసుకోవచ్చు?" జగన్నాథరావు అడిగాడు.

"ఎన్నైనా తీసుకోండి. కాపాడుకోవాలంతే. ఏమరితే పక్కోడు ఆక్రమించేస్తాడు."

"మరే, ప్రహరీ కట్టుకోవాల్సిందే," అన్నారు చుట్టాలు.

బాపట్లలో ఆ మందని చూసి బర్నబాస్ హడలిపోయాడు. "అందరూ కొండవీడు కోసమేనన్నా!" అన్నాడు వినయ్, తనకే నమ్మకం లేనట్టు. బర్నబాస్ తడబడుతూ అట్ట పరిచాడు.

"ప్లాను బావుంది," అన్నాడు సుందరయ్య. "ఇహ సైటుకి పోదామా?"

"సైటేంటండీ? ఇదేనండి కొండవీడు."

"ఇదా? ఇందులో చీమైనా కాపరం పెడద్దా?" సుందరయ్య వినయ్ మీదకి తిరిగాడు. "నీళ్ళున్నాయన్నావు!"

"ఉన్నాయి కదండీ," అంటూ వినయ్ మూడు నీలం చుక్కలు చూపించాడు. అప్పటికిగానీ జరిగిందేంటో అతని బుర్రకెక్కలేదు.

చుట్టాల కేకలతో బర్నబాస్ ప్రెస్సు దద్దరిల్లింది. వెళ్ళిపోదామంటే డ్రైవరు భోజనానికి పోయాడు. ఊరికే నిలబడలేక జగన్నాథరావు పాచికలు విసిరాడు. బర్నబాస్ ఎలా కదపాలో చెప్పాడు. కాసేపటికి, నిలబడే తనూ పాచికలేస్తున్న సుందరయ్య కోటలోకి బావమరిది ఏనుగు దూరింది.

"నా కోటలోకా!" సుందరయ్య చొక్కా చేతులు మడిచి బల్ల ముందు కూర్చున్నాడు.

డ్రైవరొచ్చి హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు. వినయ్ ఇంకా రాలేదేమని హైమావతి గారు ప్రెస్సుకి ఫోన్ చేస్తే, "సోమవారం వస్తాడండి. ఇక్కడ యుద్ధం మధ్యలో ఉంది," అన్నాడు బర్నబాస్. ఆ హోరు విన్న ఆవిడ, తమ బడికీ రెండు తెమ్మన్నారు. సుందరయ్య ఆట ఓడిన ప్రతిసారీ "ఇంటికి పట్టికెళ్ళి చూస్తా నీ సంగతి" అంటూ డబ్బిచ్చి ఒక ఆట పెట్టె పక్కన పెట్టించుకున్నాడు.

వినయ్ మాత్రం ఆ సాయంత్రం దాకా ఒక్క పందెం వెయ్యలేదు. బల్ల దగ్గర అతనికి చోటు దొరకలేదు.