నాగభూషణం కనబడుట లేదు

"నాచారం డివిజన్ ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి. మన ప్రియతమ నాయకులు గంగాధరరావు గారి నాగభూషణం ఈ ఉదయం నుండి కనబడుట లేదు. ప్రజలు భయపడవద్దు. ఎవరూ ఇళ్లలో నుండి బయటికి రావద్దు. అలాగే పదకొండు గంటలకు జరిగే మన పాదయాత్రలో వేల సంఖ్యలో పాల్గొని జయప్రదం చేయవలెను."

ఆటోలో కూర్చుని మైకు పట్టుకున్న కొమురెల్లి ఈ కాగితాన్ని నాచారం నుంచి చిల్కానగర్ దాకా పద్నాలుగుసార్లు చదివాడు. బయటికి రాకుండా వేల సంఖ్యలో ఎలా పాల్గొనాలో ఎవరూ అడగలేదు. కాగితం గంగాధరరావు గారు స్వయంగా రాసింది. ఆయన రాసినవాటిలో జనానికి అర్థం కానివి ఇంతకుముందు కూడా చాలా ఉన్నాయి. అన్నీ జయప్రదమయ్యాయి.

నాగభూషణం అంటే పాము. ఆరడుగుల పొడవు, బురద రంగు ఒంటి మీద నల్లటి పట్టీలు. రెండేళ్లుగా గంగాధరరావు గారి హాల్లో, టీవీ పక్కన, గాజుపెట్టెలో ఉంటోంది. మిగతా నాయకులు కుక్కల్ని పెంచుకుంటారు. ఆయన దూరదృష్టి వేరు. కుక్కను చూస్తే జనం పక్కకు జరుగుతారు. పామును చూస్తే పక్కకు జరిగి దండం కూడా పెడతారు.

దాన్ని తెచ్చిచ్చింది క్రిస్టోఫర్. హబ్సిగూడలో రంగుచేపల దుకాణం అతనిది. ఆ దుకాణం ఏటా ఒక అడుగు చొప్పున ఫుట్‌పాత్ మీదికి పెరుగుతున్నా మున్సిపాలిటీ వాళ్లు చూడకపోవడం వల్ల ఇద్దరికీ స్నేహం కలిసింది. పామును ఇచ్చిన రోజే క్రిస్టోఫర్ దాపరికం లేకుండా చెప్పేశాడు.

"అన్నా, ఇది నాగుపాము గాదు. సౌత్ అమెరికాది. నీళ్లల్ల తిరుగుతది, చేపలు తింటది. విషం జరంతనే. కరిస్తె చెయ్యి వాస్తది, దురద పెడ్తది. రెండు దినాలల్ల తగ్గుతది."

గంగాధరరావు గారు ఒక్కటే అడిగారు. "పడగ విప్పుతదా?"

"మెడ వెడల్పు జేస్తదన్నా. కానీ లేవదు. పండుకునే జేస్తది."

"సాలు. లేస్తె మనకే కష్టం."

ఆ రోజు నుంచి అది నాగుపాము. కార్తీక సోమవారాలు చుట్టుపక్కల కాలనీల ఆడవాళ్లు పాలు తెచ్చి పెట్టెలో పోసేవారు. పాము తాగేది కాదు. వాళ్లు వెళ్లాక కొమురెల్లి ఆ పాలు పారబోసి, పెట్టె కడిగి, మంచినీళ్లు పెట్టి, నాలుగు చేపపిల్లల్ని వేసేవాడు. కొమురెల్లి గంగాధరరావు గారి డ్రైవరు. డివిజన్‌లో వంద ఫ్లెక్సీల మీద నాగభూషణాన్ని మెడ దగ్గర పట్టుకుని ఉన్న చెయ్యి కూడా అతనిదే. ఆ చేతికున్న ఉంగరాలు మాత్రం గంగాధరరావు గారివి, ఆ చేతికి అతికించిన మనిషీ ఆయనే.

ఆటో దిగి పది గంటలకు కొమురెల్లి ఇంట్లోకి వచ్చేసరికి హాల్లో ఎస్ఐ జీవన్ ఫిర్యాదు రాసుకుంటున్నాడు. గాజుపెట్టె మూత తెరిచి ఉంది.

"వెంకటరామయ్య మీద రాయున్రి సార్," అన్నారు గంగాధరరావు గారు. "ప్రతిపక్ష అభ్యర్థి భర్త. నా పాముతోని ఆయనకు గాక ఎవలకు పని?"

"ఆయన మూడు దినాల సంది తిరుపతిల ఉన్నడన్నా."

"ఆయన మనుషులు లేరా?"

"ముగ్గురుండిరి. ముగ్గురు మొన్న మీ పార్టీల జేరిన్రు. గా బయట కుర్చీలేస్తున్నది వాళ్లే గద."

గంగాధరరావు గారు కిటికీలోంచి చూశారు. ముగ్గురూ కుర్చీలు చక్కగా వేస్తున్నారు. అంత క్రమశిక్షణ ఉన్నవాళ్లను అనుమానించడం ఆయన సంస్కారానికి సరిపడలేదు.

"పెట్టె పగలలే, తాళం దీసిన్రు," అన్నాడు ఎస్ఐ. "తాళంచెవి ఎవరి దగ్గరుంటది?"

"వంటింట్ల గోడకున్న మొలకు ఏలాడ్తది సార్," అన్నాడు కొమురెల్లి. "రోజు నేనే దీస్త."

అన్నాక, అనకుండా ఉండాల్సిందని అతనికి తోచింది. గంగాధరరావు గారు ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లారు.

"కొమురెల్లీ, నువ్వు నాకు తమ్ముని లెక్క. సాయంత్రం సభల దొంగ పేరు జెప్తనని పేపరోళ్లకు మాటిచ్చిన. ఆరింటిదాక సూద్దం. దొరక్కుంటె నీ పేరు రాపిస్త. రెండు దినాలు లోపలుండు, ఎలక్షన్ అయినంక దండేసి నేనే బయటికి తెస్త."

"నేను తియ్యలే సార్."

"తీసినవని నేనెప్పుడన్న? పేరు రాపిస్తనన్న. రెండిటికి మస్తు తేడా ఉంది."

ఆ తేడా కొమురెల్లికి తెలుసు. వచ్చే వారమే అతనికి ఆర్టీసీ వాళ్ల పోలీసు వెరిఫికేషన్. నాలుగేళ్లు తిరిగాడు. రెండుసార్లు కంటి పరీక్షలో తప్పి, మూడోసారి గట్టెక్కి డ్రైవర్ల జాబితాలో పేరు చూసుకున్నాడు. ఇంట్లో భార్య సత్తమ్మ అప్పుడే ఖాకీ బట్ట టైలర్‌కు ఇచ్చేసింది. పోలీసు కాగితంలో ఒక్కసారి పేరెక్కితే ఆ బట్టతో కూరగాయల సంచులు కుట్టించుకోవాలి.

లోపలి నుంచి వదిన టీ పంపింది. కొమురెల్లి అందరికీ అందించాడు. వదిన అంటే గంగాధరరావు గారి భార్య. ఇంట్లో వంట, టీలు ఆమెవి. ఈసారి డివిజన్ మహిళలకు రిజర్వ్ కావడంతో ఎన్నికల్లో నిలబడటం కూడా ఆమె మీదే పడింది. గంగాధరరావు గారు మహిళల అభ్యున్నతికి కట్టుబడిన మనిషి. రిజర్వేషన్ వచ్చిన రోజే ఆమెను వంటింట్లోంచి పిలిపించి నామినేషన్ మీద సంతకం చేయించి, కూర చల్లారిపోతుందని మళ్లీ వంటింట్లోకి పంపించేశారు. ఫ్లెక్సీల మీద నాగభూషణం నిలువెత్తున ఉంది. గంగాధరరావు గారు దాని పక్కన ఉన్నారు. పైన పదకొండు మంది పార్టీ పెద్దలు ఉన్నారు. కింద ఒక మూల చింతగింజంత ముఖం ఒకటి ఉంది. 'మీ గంగాధరన్న సతీమణిని గెలిపించండి' అన్న అక్షరాలు ఆ ముఖం గడ్డం మీదుగా పోతాయి.

పాదయాత్ర కూడా అయ్యాక, పన్నెండు గంటలకు ఫారెస్టు ఆఫీసరు జీపు దిగాడు. సరిగ్గా అప్పుడే చిల్కానగర్ మహిళా సంఘం పాలచెంబులతో వచ్చి హాల్లో బైఠాయించింది. గంగాధరరావు గారు ఆఫీసర్ని వెనక గదిలో కూర్చోబెట్టారు.

"ఇంట్లో నాగుపామును పెంచడం నేరం. తెలుసు కదండీ?" అన్నాడు ఆఫీసరు.

"నాగుపామా? రామ రామ. అది ఫారిన్ పాము సార్. మీ చట్టంల దాని పేరే లేదు. సర్టిఫికెట్ ఉన్నది."

అక్కడి నుంచి ఆయన ముందున్న హాల్లోకి వచ్చారు.

"గంగాధరన్నా, గది నాగుపాము గాదట గద?" అంది సంఘం అధ్యక్షురాలు సారలమ్మ. "రెండేండ్ల సంది లీటర్లకు లీటర్లు పాలు వోసినం."

"ఎవడన్నడు తల్లీ? సాక్షాత్తు నాగేంద్రుడు."

అలా అరగంటలో ఆయన ఎనిమిదిసార్లు గది మారారు. వెనక గదిలో అది నాగుపాము కాదు. ముందు గదిలో నాగుపామే. మధ్యలో గడప దగ్గర మాత్రం అది ఏమీ కాదు. అక్కడ ఆయన ఒక్క క్షణం ఆగి ముఖం తుడుచుకునేవారు. ఏ గదిలో ఏ ముఖం పెట్టాలో ఒక్కసారి కూడా తడబడలేదు. అంతటి నాయకుడి కారు నడుపుతున్నందుకు కొమురెల్లికి గర్వంగా అనిపించవలసింది గాని, గడియారం వైపు చూస్తుండటం వల్ల వీలుపడలేదు.

చివరికి ఆఫీసరు బయటికి వస్తుంటే సారలమ్మ ఎదురొచ్చింది. "సార్, దేవుడు దొరికిండా?"

"ఏ దేవుడమ్మా?"

"ఆమె పెనిమిటి సార్," అన్నారు గంగాధరరావు గారు వెంటనే. "పేరు దేవయ్య. మూడు దినాల సంది ఇంటికి రాలే."

సారలమ్మ భర్త దేవయ్య కాదు, ఎక్కడికీ పోలేదు, వాకిట్లో స్కూటర్ మీదే కూర్చుని ఉన్నాడు. కానీ ఆఫీసరు సానుభూతిగా తల ఊపాడు. టీ తాగి, సర్టిఫికెట్ జిరాక్స్ ఒకటి తీసుకుని వెళ్లాడు.

ఒంటిగంటకు క్రిస్టోఫర్ వచ్చాడు. అతని ముఖంలో పాముపోయిన బాధ నిజంగానే ఉంది.

"అన్నా, అది కొత్తోళ్ల చేతికి ఊకనే రాదు. తీసినోణ్ని కరిసే ఉంటది. గట్టిగ పట్టి నముల్తది. చెయ్యి బూరె లెక్క వాసి ఉంటది."

కొమురెల్లి ఠక్కున రెండు చేతులూ చాపాడు. "సూడున్రి సార్. నా చేతులు మంచిగనే ఉన్నయ్."

"వాపుకేమున్నది?" అన్నారు గంగాధరరావు గారు. "స్టేషన్ల ఎస్ఐ గారు సూస్కుంటరు."

ఎస్ఐ వినయంగా నవ్వాడు. అయినా క్రిస్టోఫర్ మాట గంగాధరరావు గారి బుర్రలో పడింది. వాచిన చెయ్యే దొంగ. ఆ చెయ్యి దానంతట అదే నడిచి రావాలి. రెండు గంటలకు కొమురెల్లి మళ్లీ ఆటో ఎక్కాడు.

"నాగభూషణం కాటు పొందిన భాగ్యవంతులు ఎవరైనా ఉన్నచో, సాయంత్రం లోపల గంగాధరరావు గారి ఇంటికి వచ్చి చేయి చూపించవలెను. అట్టివారికి నారపల్లి వైపు ఇంటి స్థలం విషయం సానుభూతితో పరిశీలించబడును."

'ఇస్తాం' అంటే ఎన్నికల కోడ్ ఉల్లంఘన. 'పరిశీలించబడును' అంటే కాదు. ఇలాంటి మెళకువలు చదువుకుంటే వచ్చేవి కావు.

మూడున్నరకల్లా క్యూ వీధి మలుపు దాటింది. నాలుగున్నరకు పారిశ్రామికవాడ గేటు దాకా పోయింది. షిఫ్టు దిగిన వాళ్లు దిగినట్టే నిలబడ్డారు. నాచారంలో ఒక్క పూటలో నాలుగు వందల అరవై చేతులు వాచాయి. కొందరు దురదగొండి ఆకు రుద్దుకున్నారు. కొందరు ఒకరి చెయ్యి ఒకరు తలుపుసందులో పెట్టి సహకరించుకున్నారు. మౌలాలి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తేనెపట్టులో చెయ్యి పెట్టి వచ్చాడు. నిజాయితీపరుడు, ఆ సంగతి తనే చెప్పి, అయినా పరిశీలించమన్నాడు. ఎస్ఐ వెంట వచ్చిన కానిస్టేబుళ్లలో ఒకడు ఎప్పుడు పోయాడో గాని, చేతికి రుమాలు చుట్టుకుని క్యూలో కనబడ్డాడు.

క్రిస్టోఫర్ టార్చిలైటు వేసి ఒక్కో చెయ్యీ చూస్తున్నాడు. కొమురెల్లి ప్రాణమంతా ఆ టార్చిలైటులోనే ఉంది.

"ఇది దోమ. ఇది దురదగొండి. ఇదేందన్నా, కాలు సూపిస్తున్నవ్?"

"చెయ్యి కంటె కాలే మంచిగ వాసింది."

"నెక్స్ట్. ఇది పాము గాదు పెద్దనాయినా, మనిషి. పండ్ల వరుస సూడు, మీదిపన్ను లేదు."

"మా ముసల్దానికి లేదు."

"నెక్స్ట్."

పది నిమిషాలు తక్కువ ఆరుకు ఆఖరి చెయ్యి అయిపోయింది. ఒక్కటీ నాగభూషణానిది కాదు. గంగాధరరావు గారు సభకు వెళ్లడానికి కొత్త ఖద్దరు చొక్కా వేసుకుని వచ్చారు. అవతల మైదానంలో పేపరువాళ్లు వచ్చేశారని కబురొచ్చింది. ఎస్ఐ ఫిర్యాదు కాగితం టేబుల్ మీద పరిచి, కలం మూత తీశాడు.

"రాయున్రి సార్," అన్నారు గంగాధరరావు గారు.

నిందితుని పేరు అన్న చోట ఎస్ఐ 'కొ' అని రాశాడు.

కొమురెల్లి టేబుల్ దగ్గరికి జరిగాడు. "సార్, ఉద్యోగం పోతది. జర ఆలోచన జేయున్రి."

"పోతే పోనియ్యి. పార్టీ ఉన్నది నీకు. ఫికర్ జెయ్యకు."

"ఇంకొక్క చెయ్యి ఉన్నది," అని వినబడింది.

వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. మెల్లగా వచ్చి, క్రిస్టోఫర్ ముందు కుడిచెయ్యి పెట్టింది. మణికట్టు నుంచి వేళ్ల దాకా నున్నగా వాచి, నీలంగా కమిలి ఉంది. క్రిస్టోఫర్ టార్చి వెయ్యాల్సిన అవసరం కూడా రాలేదు.

"ఇదేనన్నా," అన్నాడు. "మన నాగభూషణమే."

ఎస్ఐ లేచి నిలబడ్డాడు. "పామేదమ్మా?"

"మిద్దె మీద నీళ్ల ట్యాంకుల ఉన్నది. పొద్దటి సంది ఈదుతనే ఉన్నది."

ఎస్ఐ ఎడమ చేతిలో ఆ పూట ఆరో టీ ఉంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టాడు.

"ఎందుకు దీసినవే?" అన్నారు గంగాధరరావు గారు. గొంతు ఏ గదికీ సరిపడకుండా వచ్చింది.

"పెట్టె ఇరుకైతుంది దానికి. రెండేండ్ల సంది సూస్తున్న. పొద్దటి సంది ఎవరన్న నన్ను అడుగుతరేమోనని సూసిన." తర్వాత ఎస్ఐ వైపు తిరిగింది. "కొమురెల్లి పేరు కొట్టేయున్రి సార్. నాది రాసుకోన్రి."

ఎస్ఐ 'కొ' కొట్టేశాడు. కలం పట్టుకుని గంగాధరరావు గారి వైపు చూశాడు. "పేరు?"

"మా ఇంట్ల ఆమె, సార్."

"గది తెలుసన్నా. పేరు జెప్పు."

"నా భార్య."

"కాలమ్‌ల భార్య అని రాస్తె కోర్టు వాపస్ పంపుతది."

గంగాధరరావు గారు గడప దగ్గర తుడుచుకున్నట్టు ముఖం తుడుచుకున్నారు. కార్యకర్తల వైపు చూశారు. ఇరవై రోజులుగా ఆమె కోసం గొంతులు పోగొట్టుకున్న మనుషులు. ఒకడు "వదిన" అన్నాడు. ఇంకొకడు "సతీమణి" అన్నాడు. ప్రతిపక్షం నుంచి వచ్చిన ముగ్గురూ పరుగున వెళ్లి గేటు దగ్గరి ఫ్లెక్సీని పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదివి, తిరిగి వచ్చి కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు.

ఆమె ఎవరినీ తొందరపెట్టలేదు. వాచిన చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని, అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది.

"కొమురెల్లీ," అంది. "నామినేషన్ కాయితం కారు బానెట్ మీద పెట్టి నువ్వే గద నింపింది. చెప్పు."

"కొమురెల్లీ, ఆగు," అన్నారు గంగాధరరావు గారు. "అభ్యర్థి మీద కేసైతదిరా. సభ అయినంక మాట్లాడుకుందం."

ఎస్ఐ కలం కాగితం మీద ఆనించి ఉంచాడు. కొట్టేసిన 'కొ' ఇంకా తడి ఆరలేదు. కొమురెల్లి దాన్ని చూశాడు. ఆమె చేతిని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"తారామణి, సార్," అన్నాడు, బయట క్యూలో వాళ్లకు కూడా వినబడేలా. "మా క్యాండిడేట్."