నీళ్లు తాగి నూనె ఇచ్చే కారు

మీ కారు ఇంజనాయిల్లో నీళ్లు కలిశాయా? అయితే మీరు అదృష్టవంతులు! ఇంకా కలవలేదా? బాధపడకండి, కాస్త ఓపిక పట్టండి. అందరికీ అన్నీ ఒకేసారి దక్కవు.

నవ్వకండి. ఈ మాట చెబుతున్నది నూనె గురించి ఏమీ తెలియని మనిషి కాదు. హిందూపురం నూనె మార్కెట్టులో ఓబుళప్ప అంటే నేనే. నూనెలో నీళ్లున్నాయో లేవో తేల్చడంలో నా అంతవాడు చుట్టుపక్కల లేడని మార్కెట్టంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకునే దాకా నేను వదలను, అది వేరే సంగతి.

విద్య పెద్దదేమీ కాదు. నీళ్లు ఎప్పుడూ అడుగునే దాక్కుంటాయి కాబట్టి డబ్బా అడుగు నుంచి కాస్త నూనె తీస్తాను. జేబులో ఎప్పుడూ ఉండే దూది ఒత్తిని అందులో ముంచి వెలిగిస్తాను. చప్పుడు చేయకుండా వెలిగితే మంచి నూనె. చిటపటమంటే నీళ్లు కలిసిన నూనె. అప్పుడు నేను కళ్లద్దాలు నొసటి మీదికి నెట్టి, అందరికీ వినబడేటట్టు ఒకే మాట అడుగుతాను.

"నీళ్లకు కాళ్లుంటాయా?"

అంటే, నీళ్లు వాటంతట అవే నడిచొచ్చి డబ్బాలో దూకవు, నువ్వే కలిపావు అని అర్థం. ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు రాదు కాబట్టి నేను గొప్పవాణ్ణని తీర్మానించుకున్నాను. మీరైనా అంతే చేస్తారు కదా?

ఇక కారు సంగతి. నయాపైసలు వచ్చిన కొత్తల్లో బెంగుళూరులో ఒక నల్ల కారు కొన్నాను. ఒక డాక్టరు, ఒక వకీలు, ఒక కాంట్రాక్టరు వరసగా వాడి, వరసగా విసిగి వదిలేసిన కారు. ముగ్గురు చదువుకున్నవాళ్లు వదిలేసిందంటే అందులో నాలాంటివాడికి మాత్రమే అర్థమయ్యే గొప్పతనం ఏదో ఉందనుకున్నాను.

ఉంది! కొన్న కొద్ది రోజులకే బయటపడింది. రేడియేటరులో నీళ్లు పోస్తే పోసినట్టే మాయమవుతున్నాయి. కింద చుక్క కారదు. పైన పొంగదు. అదే సమయంలో ఇంజనులో ఆయిలు మట్టం పెరుగుతోంది! ఊళ్లో మిగతా కార్లవాళ్లందరూ ఆయిలు తగ్గిందని డబ్బాలు కొని పోసుకుంటుంటే, నా కారు తన ఆయిలు తానే తయారు చేసుకుంటోంది!

ఆలోచించండి. చెనిక్కాయలు, అదే వేరుశనగ, పండించి, ఒలిచి, గానుగాడి, పిండి తీసి, ఇంత కష్టపడితే కదా మనకు ఇంత నూనె వచ్చేది? నా కారు వట్టి నీళ్లతో పని కానిస్తోంది. ఆవు గడ్డి తిని పాలిచ్చినట్టు. ఆ పోలిక ఊరికే చెప్పలేదు. ఆయిలు మట్టం చూసే ఇనుప కడ్డీ బయటికి తీస్తే దానికి అంటుకున్నది కూడా తెల్లగా, నురగగా, అచ్చం పాల మాదిరే ఉంది.

ఇంకా ఎన్ని లాభాలని? కారు వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ దట్టంగా వచ్చేది. ఒకసారి పరిగి వైపు పోయినప్పుడు ఆ పొగ చూసి రైతులు మబ్బు పట్టిందనుకుని విత్తనాల గంపలు బయటికి తీశారు. మన జిల్లాలో ఆ మాత్రం ఆశ కలిగించిన మబ్బు ఆ ఏడాది ఇంకోటి లేదు!

మైలు మైలుకూ నీళ్ల కోసం ఆగాలి కనుక ఊరూరా నాకు పరిచయాలు పెరిగాయి. పరిగిలోనే ఒక అవ్వ, తన బిందెలో నీళ్లు నా రేడియేటరులోకి వంచుతూ అడిగింది: "ఇన్ని నీళ్లు తాగుతాండాదే, ఈ నీళ్లన్నీ యాడికి పోతాండాయప్పా?"

నేను గొంతు సవరించుకుని కారెక్కాను. ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలియదనుకుంటున్నారా? నూనె మార్కెట్టులో తల నెరిసినవాణ్ణి నేను! ఆ తెల్లటి నురగ మొదటిసారి చూసిన రోజే నా చెయ్యి దానంతట అది జేబులోని ఒత్తి మీదికి పోయింది. పోయిన చేతిని వెంటనే వెనక్కి లాక్కున్నాను.

సొంత బండికి ఎవరైనా ఒత్తి పెట్టుకుంటారా? చిటపటమందనుకోండి, ఎవరిని అడగాలి, నీళ్లకు కాళ్లుంటాయా అని?

పైగా ఇంట్లో ఆ ప్రశ్నకు అప్పటికే చెడ్డ పేరుంది. అది కూడా చెప్పేస్తాను. మా ఇంటామె రత్నమ్మకు ఒక్కడే తమ్ముడు, సుంకప్ప. ధర్మవరంలో చిన్న నూనె గానుగ నడుపుతాడు. అంతకు రెండేళ్ల ముందు వాడు మార్కెట్టుకు తెచ్చిన డబ్బాలకు నేను ఒత్తి పెట్టాను. చిటపటమన్నాయి.

"నేను కలపలేదు బావా. దారిలో వాన పట్టుకునె. మూతలు సరిగా లేక లోపలికి దిగినట్టుండాది" అన్నాడు సుంకప్ప.

వానట! అనంతపురం జిల్లాలో! హిందూపురంలో చినుకు లేదు, వీడి డబ్బాల మీద మాత్రం కురిసిందట! మార్కెట్టంతా నిలబడి చూస్తుండగా నేను కళ్లద్దాలు నొసటి మీదికి నెట్టి అడగాల్సింది అడిగాను. బావమరిది అని వదిలేస్తే నా పేరు ఏం కావాలి? అందరూ భేష్ అన్నారు. సుంకప్ప డబ్బాలు బండికెత్తుకుని పోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

రత్నమ్మ భేష్ అనలేదు. రాత్రి దీపంలో నూనె పోసేటప్పుడు మాత్రం నా వైపు ఒకసారి చూసేది.

అలా రెండేళ్లు గడిచాక సుంకప్పకు ఆడబిడ్డ పుట్టింది. మా వైపు బిడ్డను తొలిసారి తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే చెయ్యి మేనత్తది. ఆ మేనత్త మా రత్నమ్మ. సుంకప్ప తాను రాలేదు కానీ బస్సు కండక్టరుతో కబురు పంపాడు: "అక్క రావల్ల. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా తొట్టెలలో వేయల్ల. బావ వస్తే వచ్చె."

చూశారా, ఎంత మర్యాదగా పిలిచాడో! వస్తే వచ్చె!

"మొదటి బస్సుకు పోదాం పదయ్యా" అంది రత్నమ్మ. బస్సా? బస్సులో పోతే, తప్పు ఒప్పుకోవడానికి వచ్చినట్టు ఉండదూ? కారులో దిగితే కదా, పెద్దమనిషి దయతలచి వచ్చినట్టుండేది! కోడి కూసే వేళకు కారు తీశాను. రత్నమ్మ ఒళ్లో, తమ్ముడి బిడ్డ కోసం కుట్టిన కుచ్చుల టోపీ, వెనక సీటులో నీళ్ల బిందెలు.

పెనుకొండ బస్టాండు దగ్గరికి వచ్చేసరికి ఇంజనులో ఎవరో గులకరాళ్లు రుబ్బుతున్నట్టు చప్పుడు మొదలైంది. తర్వాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. కారు సరిగ్గా ఏసుదాసు షెడ్డు ముందు నిలబడింది. దాని మర్యాద దానిది.

ఏసుదాసు నా కారుకు పాత వైద్యుడు. అప్పటికే రేడియేటరుకు అతుకు వేశాడు, పైపులు మార్చాడు, మూత మార్చాడు. ప్రతిసారీ "ఇంక చూడప్పా, గుర్రం మాదిరి పోతాది" అన్నాడు. ఇప్పుడు కడ్డీ లాగి, నురగ చూసి తల గోక్కున్నాడు.

"ఎవరన్నా ఆయిల్లో ఏమన్నా కలిపినారా?" అన్నాడు.

రత్నమ్మ పొద్దు వైపు చూసింది. ధర్మవరం మొదటి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది, ఇంకోటి మధ్యాహ్నం దాకా లేదు. టోపీ కుచ్చులు వేళ్లతో పీకుతూ, "నా తమ్ముని బిడ్డను ఎవరో వేస్తారు తొట్టెలలో" అంది. అంతవరకూ నేను కారు గురించే దిగులుపడుతున్నాను. ఆ మాట విన్నాక కారు నాకు కనబడటం మానేసింది.

అంతలో ధర్మవరం వైపు నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. మొదటి బస్సులో అక్క దిగలేదని, హిందూపురం పోయే నూనె డబ్బాల లారీ ఎక్కి ఎదురొచ్చాడు సుంకప్ప! ముందు అక్క దగ్గరికి పోయాడు. తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏసుదాసు చేతిలో కడ్డీ మీది తెల్లటి నురగ చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"బావా, ఒత్తి ఉండాదా?"

బస్టాండులో జనం పోగయ్యారు. అందులో మన మార్కెట్టు దలాలి అంజనప్ప కూడా ఉన్నాడు. ఎందుకుండడు? ఇలాంటప్పుడు తెలిసినవాళ్లు ఉండి తీరాలి! లేదని చెబుదామనుకున్నాను. కానీ జేబులో ఒత్తి లేని ఓబుళప్పను ఎవరు నమ్ముతారు? తీసి ఇచ్చాను.

పెట్రోలుకు దూరంగా, ఎదురుగా ఉన్న అరుగు మీద సుంకప్ప ఆ ఒత్తిని కడ్డీ నురగలో ముంచి అగ్గిపుల్ల గీశాడు. చిటపట! నా ముప్పై ఏళ్ల అనుభవంలో అంత గట్టిగా చిటపటలాడిన ఒత్తి ఇంకోటి లేదు. అవతలి హోటల్లో వేస్తున్న తాలింపు కూడా దాని ముందు తీసికట్టే.

నా నోట్లోంచి నేను ఆపుకోలేనంత వేగంగా మాట వచ్చేసింది.

"నేను కలపలేదు!"

సుంకప్పకు కళ్లద్దాలు లేవు. అయినా రెండు వేళ్లతో నొసటి మీదికి ఏదో నెట్టుకున్నట్టు చేసి అడిగాడు:

"నీళ్లకు కాళ్లుంటాయా బావా?"

అంజనప్ప తుండుగుడ్డలో మొహం దాచుకున్నాడు. రత్నమ్మ మాత్రం నవ్వలేదు.

ఏసుదాసు ఈ గొడవేమీ పట్టించుకోకుండా కారు కిందికి దూరి, ఆయిలు గిన్నె అడుగు మర విప్పాడు. ముందు నీళ్లు దూకాయి. తర్వాత మజ్జిగ లాంటిది. అన్నిటికంటే చివర నూనె. లేచి చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "పైనుంచి నువ్వు పోయలేదు గదప్పా?"

"నా ఇంటి దీపం మీద ఒట్టు, పోయలేదు!"

"పోయలేదంటాండావు గదా. అట్లయితే గ్యాస్కెట్టు పోయింది. ఇంజను పై భాగంలో నీళ్ల దారీ నూనె దారీ పక్కపక్కనే ఉంటాయి. రెండిటికీ నడుమ ఒక రేకు. అది కాలిపోతే నీళ్లు నూనెలోకి వాటంతట అవే పోతాయి. దీంట్లో ఎవురి తప్పూ లేదు."

గమనించారా? పోయలేదంటే పోయలేదని నమ్మాడు! ఒక్క మాట నమ్మేసరికి రోగం ఎక్కడుందో దొరికిపోయింది. లేకుంటే ఈపాటికి ఇంకో రెండు పైపులు మార్చి ఉండేవాడు.

"వాటంతట అవే పోతాయంటనా?" అని రత్నమ్మ ఏసుదాసును అడిగింది. కానీ చూసింది నన్ను. రెండేళ్ల నుంచి దీపం దగ్గర చూస్తున్న చూపు అదే.

నేను చెప్పదలచుకున్నది చాలా ఉంది. వాన గురించి, మూతల గురించి, రెండేళ్ల గురించి. సుంకప్ప భుజం పట్టుకున్నాను. "మూతలు మార్పించినావా?" అన్నాను. నాకు చేతనైన క్షమాపణ అంతే.

"మార్పించినా బావా. ఎక్కు, పొద్దెక్కుతాండాది" అన్నాడు వాడు. డ్రైవరును బతిమాలి లారీని అక్కడికక్కడే ధర్మవరానికి తిప్పించాడు.

పెద్దమనిషి దయతలచి ధర్మవరంలో దిగిన వైభవం వినండి. డ్రైవరు పక్కన రత్నమ్మ, సుంకప్ప. వెనకాల డబ్బాల మీద, పంచె అంతా నూనెతో, నేను! పొద్దు నడినెత్తికి రాకముందే రత్నమ్మ బిడ్డను తొట్టెలలో వేసింది. టోపీ చెవుల దాకా దిగిపోయింది. అక్కా తమ్ముడూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నాకు ఎవరో చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చారు. చూశాను. అచ్చం ఇంజనాయిలే. కళ్లు మూసుకుని తాగేశాను.

ఇప్పుడు చెప్పండి, ఇంజనాయిల్లో నీళ్లు కలవడం వరమా కాదా?

అయితే నష్టం లేదని చెప్పను. అంజనప్ప పుణ్యాన కథ మార్కెట్టంతా పాకింది. ఇప్పుడు ఎవరి డబ్బాకు ఒత్తి పెట్టి చిటపటమన్నా, నేను నోరు తెరిచేలోగా వాళ్లే అంటున్నారు: "నేను కలపలేదప్పా, గ్యాస్కెట్టు పోయింది!" నిజంగా బిందెలతో పోసినవాడు కూడా అదే మాట. డబ్బాకు గ్యాస్కెట్టు ఉండదని చెబితే, "నీకు నమ్మకం తక్కువ" అంటున్నారు.

ఆ మధ్య సుంకప్ప డబ్బాలు మళ్లీ వచ్చాయి. ఒత్తి అక్కర్లేదు, దించండి అన్నాను. "పెట్టు బావా" అన్నాడు వాడు మొండిగా. పెట్టాను. ఒత్తి చప్పుడు చేయకుండా, నిటారుగా, చాలా సేపు వెలిగింది. నేను కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. పొగ వల్ల అన్నాను. మంచి నూనెకు పొగ రాదని మార్కెట్టులో అందరికీ తెలుసు.

నా అసలు ఫిర్యాదు కారు మీద కాదు, ఈ ఒత్తి మీద. నీళ్లున్నాయా అంటే ఉన్నాయని ఇంత చిటపటలాడి చెబుతుంది కదా? ఎవరు కలిపారో దానికి తెలియదు. ఆ ముక్క ఏనాడూ చెప్పలేదు. అది చెప్పిందనుకుని ఇన్నాళ్లూ మార్కెట్టు భేష్ అన్నది నా నోరు చెప్పిన మాటకు.